చేతికొచ్చిందంతా మనది కాదు: 1099 మీద మొదటి ఏడాది

(ఐసెలిన్‌లో జరిగిన మన వేదిక వార్షిక సమావేశంలో పన్నుల సహాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం పూట ఓక్ ట్రీ రోడ్డు మీద కారు పెట్టుకోవడానికి చోటు దొరకడమే ఒక పెద్ద పని. అంత తిప్పలు పడి వచ్చారు కాబట్టి మీ టైం తినకుండా నేరుగా విషయంలోకి వస్తాం.

మేం అంటే ఎవరం? అకౌంటెంట్లం కాదు, లాయర్లం అంతకన్నా కాదు. మీలాగే పని చేసుకుని బతికేవాళ్ళం. మాలో బండి నడిపేవాళ్ళున్నారు, ఇంట్లో కూర్చుని చిన్న కంపెనీలకు లెక్కలు రాసిపెట్టేవాళ్ళున్నారు, పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాళ్ళున్నారు. ఒక్కటి మాత్రం మా అందరికీ ఉమ్మడి. కాంట్రాక్టర్‌గా మొదటి ఏడాది ప్రతి ఒక్కరం దెబ్బతిన్నాం. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో శనివారాలు కూర్చుని కొత్తవాళ్ళ కాగితాలు చూస్తున్నాం. మేం చెప్పేది మీ టాక్స్ చేసే మనిషి మాటకు బదులు కాదు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళేలోపు మీకు తెలిసి ఉండాల్సిన సంగతులు, అంతే.

ముందు ఒక తమ్ముడి సంగతి చెప్తాం. పేరు చెప్పం, ఆయన అనుమతితోనే చెప్తున్నాం. కుటుంబం తరఫున గ్రీన్ కార్డు మీద వచ్చాడు. రెండేళ్ళు వేర్‌హౌస్‌లో డబ్ల్యూ-2 మీద చేశాడు. తర్వాత సొంత బండి కొనుక్కుని ఐసెలిన్, ఎడిసన్ చుట్టుపక్కల నలుగురైదుగురు కేటరింగ్ వాళ్ళకు, చిన్న షాపులకు సరుకులు చేరవేసే పని మొదలుపెట్టాడు. వారానికి దాదాపు 900 డాలర్లు. మొదటి చెక్కు రాగానే జగిత్యాలలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాడట. "నాన్నా, ఇందులో కటింగులు లేవు, ఎంతిస్తే అంతా చేతికే" అని. ఆ ఏడాది చెల్లెలి పెళ్ళి. చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇంటికి పంపాడు.

మరుసటి మార్చిలో 1099లు పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు. వస్తూనే అడిగాడు, "అన్నా, ఈసారి రిఫండ్ ఎంతొస్తది?"

వేర్‌హౌస్‌లో ఉన్నప్పుడు ఏటా రిఫండ్ వచ్చేది కదా, అదే అలవాటు. మేం లెక్క కట్టాం. రిఫండ్ సంగతి అటుంచండి, ఎదురు 8,000 డాలర్ల పైన కట్టాలి. బ్యాంకులో 1,300 ఉన్నాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "మరి నేను ఇంటికి పంపిన పైసలు?"

"అందులో కొన్ని నీవి కావు తమ్ముడూ" అనడం తప్ప మా దగ్గర వేరే జవాబు లేదు.

ఈ రోజు మేం చెప్పే మాటలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. కాంట్రాక్టర్ చేతికొచ్చే చెక్కు అంతా కాంట్రాక్టర్‌ది కాదు.

ఎందుకు కాదో చూద్దాం. డబ్ల్యూ-2 ఉద్యోగంలో జీతం మన చేతికి రాకముందే పన్ను కోసేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1943లో తెచ్చిన చట్టంతో జీతాల్లోంచి ఇట్లా కోసుకోవడం ఈ దేశంలో మామూలైంది. అలా కోసేసిన డబ్బు మనం చూడం కాబట్టి దాని బరువు తెలియదు. ఇండియాలో కూడా ప్రొఫెషనల్ ఫీజు ఇస్తే 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. అందుకే మనవాళ్ళకు ఒక నమ్మకం, "ఎవరో ఒకరు కోసే ఉంటారులే" అని. ఇక్కడ 1099 మీద పని చేస్తే ఎవరూ కోయరు. మీరు డబ్ల్యూ-9 ఫారం నింపి నంబర్ సరిగ్గా ఇచ్చినంతకాలం పైసా పట్టుకోకుండా ఇస్తారు. కోయాల్సిన కత్తెర మీ చేతిలోనే ఉంటుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. చాలామంది "నాకు వచ్చేదే తక్కువ, ఇన్‌కం టాక్స్ ఏం పడుతుందిలే" అనుకుంటారు. నిజమే, ఇన్‌కం టాక్స్ ఎక్కువ పడదు. నెత్తిన పడేది వేరే ఉంది, దాని పేరు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్. ఉద్యోగికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద జీతంలో 7.65 శాతం కోస్తారు. యజమాని ఇంకో 7.65 శాతం తన జేబులోంచి కలుపుతాడు. కాంట్రాక్టర్ అయితే? పనివాడూ మనమే, యజమానీ మనమే. రెండు వాటాలూ మనవే, మొత్తం 15.3 శాతం. సొంతంగా పని చేసుకునేవాళ్ళను 1951 నుంచి సోషల్ సెక్యూరిటీలోకి తెచ్చారు, అప్పట్నుంచి ఈ పన్ను ఉంది. ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలినా ఇది వర్తిస్తుంది.

తమ్ముడి లెక్కే మీ ముందు పెడతాం, 2025 సంవత్సరం రేట్లతో. పెళ్ళికాని ఒంటరి మనిషి, వేరే ఆదాయం లేదు.

ఏడాదిలో వచ్చింది 46,000 డాలర్లు. ఖర్చులు 6,000 పోను నికరంగా 40,000. ఈ 40,000లో 92.35 శాతం మీద 15.3 శాతం వేస్తారు. అంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 5,652 డాలర్లు. ఇందులో సగాన్ని ఆదాయంలోంచి తీసేస్తారు. తర్వాత స్టాండర్డ్ డిడక్షన్ 15,750 పోతుంది. ఆ మిగిలిన దాంట్లో ఇంకో 20 శాతం, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకు ఇచ్చే క్యూబీఐ డిడక్షన్ కింద పోతుంది. చివరికి ఇన్‌కం టాక్స్ 1,818 డాలర్లే. రెండూ కలిపితే ఫెడరల్‌కు 7,470. న్యూజెర్సీ రాష్ట్రానికి ఇంకో 680. మొత్తం 8,150.

చూశారా? ఇన్‌కం టాక్స్ కన్నా రెండోది మూడింతలు. తమ్ముడు లెక్కలోకే తీసుకోనిది అదే.

అయితే ఈ పన్నును శిక్షలా చూడొద్దు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి, అంటే కనీసం పదేళ్ళు. 2025లో ఒక క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన చూపించాలి. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేదు. అక్కడ పీఎఫ్ కట్టిన ఏళ్ళు ఇక్కడ కలవవు. కాబట్టి నగదులో తీసుకుని చూపించకుండా వదిలేస్తే రేపటి మన పెన్షన్‌ను, మెడికేర్‌ను మనమే కోసుకున్నట్టు.

ఇక ఖర్చుల సంగతి. పై లెక్కలో 6,000 ఖర్చు చూపించాం కదా. అందులో 5,600 బండిదే. 2025లో పని కోసం నడిపిన మైలుకు 70 సెంట్లు చొప్పున తీసేసుకోవచ్చు, 8,000 మైళ్ళకు 5,600. మిగతా 400 ఫోన్ బిల్లులో పని వాటా. నిజానికి తమ్ముడు నడిపింది 8,000 మైళ్ళ కన్నా చాలా ఎక్కువే. కానీ పుస్తకం రాయలేదు. షాపుల వాళ్ళు పంపిన మెసేజీలు, డెలివరీ స్లిప్పులు ముందేసుకుని ఏ రోజు ఎక్కడికెళ్ళాడో మేం కూర్చుని కూడబెట్టుకుంటే రుజువు దొరికింది అంతవరకే. ఆ మాత్రం కూడా దొరక్కపోతే ఫెడరల్, రాష్ట్రం కలిపి ఇంకో 1,580 డాలర్లు పడేది.

అంటే ఒక పది నిమిషాల పని విలువ 1,580 డాలర్లు. బండిలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్ళు. ఏ రోజుది ఆ రోజే రాయండి. ఫోన్‌లో యాప్ ఉన్నా సరే. మైలు రేటు తీసుకుంటే పెట్రోలు, రిపేర్లు, ఇన్సూరెన్స్ మళ్ళీ విడిగా తీసుకోకూడదు, అవి ఆ 70 సెంట్లలోనే ఉన్నాయి. టోల్, పార్కింగ్ మాత్రం విడిగా తీసుకోవచ్చు. ఇంటి నుంచి ఒకే చోటికి రోజూ వెళ్ళొచ్చే దూరం పని మైళ్ళ కిందికి రాదు.

ఇంట్లో గది పెట్టుకుని పని చేసే అక్కాచెల్లెళ్ళకు హోమ్ ఆఫీస్ ఉంది. చదరపు అడుగుకు 5 డాలర్లు, 300 అడుగుల వరకు, అంటే మహా అయితే 1,500. కానీ ఆ చోటు పనికి మాత్రమే వాడాలి. రాత్రి పిల్లలు పడుకునే గదిని ఆఫీసు అని రాయకండి.

ఏవి ఖర్చు కావో కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడూ అడుగుతారు. ఊరికి అమ్మానాన్నలకు పంపిన డబ్బు ఖర్చు కాదు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల్ని డిపెండెంట్లుగా రాయడానికి లేదు. పెళ్ళికి పెట్టిన ఖర్చు ఖర్చే గానీ పన్నుల వాళ్ళ లెక్కలో కాదు.

రసీదులు కనీసం మూడేళ్ళు దాచండి. ఫోటో తీసి దాచినా చాలు. థర్మల్ కాగితం మీది అక్షరాలు ఏడాదికే మాయమైపోతాయి.

ఇప్పుడు, కట్టడం ఎప్పుడు? అందరూ ఏప్రిల్ 15 అనుకుంటారు. అది లెక్క చెప్పే రోజు. పన్ను మాత్రం సంపాదించినప్పుడల్లా కట్టాలన్నది ఇక్కడి పద్ధతి. ఏడాది చివర ఫెడరల్‌కు 1,000 డాలర్లు, అంతకన్నా ఎక్కువ బాకీ పడేటట్టుంటే నాలుగు విడతల్లో ముందే కట్టాలి. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, వచ్చే ఏడాది జనవరి 15. ఇండియాలో అడ్వాన్స్ టాక్స్ కట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు, జూన్, సెప్టెంబర్ తేదీలు అక్కడా ఇవే. ఒక్క మెలిక ఉంది. పేరుకి మూణ్ణెల్లకోసారి అంటారు గానీ, మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య రెండే నెలలు. జూన్ గడువు చాలామంది మిస్సయ్యేది అందుకే. న్యూజెర్సీకి కూడా ఇవే తేదీల్లో వేరుగా కట్టాలి. అక్కడ బాకీ 400 డాలర్లు దాటితేనే ఈ నియమం.

"సంపాదన ఎంతొస్తుందో నాకే తెలియదు, ఎంత కట్టను?" అని అడుగుతారు. దీనికి ఒక తేలిక మార్గం ఉంది. పోయినేటి 1040 ఫారం తీయండి. 24వ లైన్‌లో మొత్తం పన్ను ఎంతో ఉంటుంది. దాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు తేదీల్లో కట్టండి. ఈ ఏడు ఎంత ఎక్కువ సంపాదించినా ఫెడరల్ పెనాల్టీ ఉండదు, మిగిలింది ఏప్రిల్‌లో కడితే చాలు. పోయినేటి ఆదాయం 1,50,000 డాలర్లు దాటినవాళ్ళు మాత్రం ఆ పన్నుకు 10 శాతం కలుపుకోవాలి. పెనాల్టీ లేదంటే బాకీ లేదని కాదు, ఆ మిగతా డబ్బు పక్కన ఉండాల్సిందే.

ఇంట్లో ఒకరికి జీతం, ఒకరికి కాంట్రాక్టు ఉన్న కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. భర్త హెచ్-1బి మీద ఉద్యోగం, భార్య హెచ్-4 ఈఏడీ మీద సొంత పని, లేదా అటుది ఇటు. వాళ్ళకు ఇంకో సులువు. జీతం ఉన్నవాళ్ళు తమ కంపెనీలో డబ్ల్యూ-4 ఫారం మార్చి, 4(సి) గడిలో ప్రతి జీతానికీ ఇంత ఎక్కువ కోయమని రాసివ్వొచ్చు. అట్లా కోసింది ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్క. సెప్టెంబర్‌లో కళ్ళు తెరిచినా సర్దుకోవచ్చు. మాలో ఇద్దరు ముగ్గురు ఇట్లాగే గట్టెక్కారు.

ఇంతకీ ఎంత పక్కన పెట్టాలి? ఒంటరి మనిషికి, తమ్ముడి స్థాయి ఆదాయానికి ప్రతి చెక్కులో నాలుగో వంతు పెడితే చాలు, కొంచెం మిగుల్తుంది కూడా. ఇంట్లో ఇంకో పెద్ద జీతం ఉంటే మూడో వంతు పెట్టండి. వేరే బ్యాంకు ఖాతా తెరిచి, చెక్కు వేసిన రోజే అందులోకి మార్చేయండి. దానికి డెబిట్ కార్డు తీసుకోకండి. కట్టేటప్పుడు ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో డైరెక్ట్ పే ద్వారా బ్యాంకు ఖాతాలోంచి ఖర్చు లేకుండా కట్టొచ్చు.

ఇక్కడో కొత్త గందరగోళం గురించి చెప్పాలి. 2025 వరకు ఒకరు మీకు ఏడాదిలో 600 డాలర్లు, ఆపైన ఇస్తే 1099-ఎన్ఈసీ ఫారం ఇవ్వాలి. 2026లో ఇచ్చే డబ్బులకు ఆ హద్దును 2,000కు పెంచారు. దాంతో "2,000 లోపు అయితే టాక్స్ లేదంట" అని ఓక్ ట్రీ రోడ్డంతా పాకింది. తప్పు. హద్దు మారింది ఫారం ఇచ్చేవాళ్ళకు. మీకు మారలేదు. ఫారం వచ్చినా రాకపోయినా, నగదైనా, జెల్‌లో వేసినా అది ఆదాయమే. మీ దగ్గర మీ లెక్క ఉండాలి, ఫారం కోసం ఎదురుచూడకూడదు.

ఇంకో పుకారు, "ఎల్ఎల్‌సీ పెట్టు, టాక్స్ పోతుంది" అని. ఒక్క మనిషి పెట్టుకున్న ఎల్ఎల్‌సీకి, వేరే ఎన్నిక చేసుకుంటే తప్ప, పన్ను అంతా అదే షెడ్యూల్ సి మీద, అంతే పడుతుంది. న్యూజెర్సీలో పెట్టడానికి 125, ఏటా రిపోర్టుకు 75 డాలర్లు మాత్రం అదనం. వేరే కారణాలుంటే పెట్టుకోండి, పన్ను పోతుందని మాత్రం పెట్టకండి.

మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి అక్కడ పని చేసి వచ్చే కాంట్రాక్టర్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ చేసిన పనికి న్యూయార్క్‌లో నాన్ రెసిడెంట్ రిటర్న్ వేయాలి. న్యూజెర్సీ దానికి క్రెడిట్ ఇస్తుంది. రెండు చోట్లా వేయాల్సిందే.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. పన్ను కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి.

మొదటిది, నాకు కాంట్రాక్టర్‌గా చేసే హక్కు ఉందా? హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు లేదు. శని ఆదివారాలు చిన్న పనే కదా అని కూడా కుదరదు. ఈఏడీ లేని హెచ్-4కు లేదు. స్టెమ్ ఓపీటీలో యజమాని తప్పనిసరి, 1099 నడవదు. మామూలు ఓపీటీలో చదివిన చదువుకు సంబంధించిన పని సొంతంగా చేసుకోవచ్చు. హెచ్-4 ఈఏడీ 2015 మే నుంచి ఉంది, దాని మీద చేసుకోవచ్చు, కానీ కార్డు తేదీ చూసుకోండి. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్‌కు వేసినవాళ్ళలో చాలామందికి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. ఓపీటీ పిల్లలకు ఇంకో మాట. మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్ళు సాధారణంగా మీరు పన్నుల లెక్కలో నాన్ రెసిడెంట్లు. మీ ఫారం 1040-ఎన్ఆర్. మీకు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ పడదు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో గుడ్డిగా నొక్కుకుంటూ పోతే రెసిడెంట్‌గా వేసేస్తారు, తర్వాత దిద్దుకోవడం తలనొప్పి.

రెండో ప్రశ్న, నేను నిజంగా కాంట్రాక్టర్‌నేనా?

ఒక అక్క వచ్చింది మా దగ్గరికి. ఒక షాపులో కౌంటర్ మీద పని. పొద్దున పదింటికి రావాలి, రాత్రి ఏడింటికి వెళ్ళాలి. సెలవు కావాలంటే ఓనర్‌ని అడగాలి. గంటకింత అని లెక్క. ఏడాది చివర డబ్ల్యూ-2 బదులు 1099 చేతిలో పెట్టారు. "ఇది నాకెందుకొచ్చింది అన్నా, నేను వ్యాపారం ఏం చేస్తున్న?" అని అడిగింది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. న్యూజెర్సీలో దీనికి ఏబీసీ పరీక్ష అని ఉంది. ఒకటి, పని ఎట్లా చేయాలో చెప్పే అధికారం ఇచ్చేవాళ్ళకు ఉండకూడదు. రెండు, ఆ పని వాళ్ళ మామూలు వ్యాపారానికి బయటిదై ఉండాలి, లేదా వాళ్ళ వ్యాపార స్థలాలకు బయట జరగాలి. మూడు, మీకంటూ నిలదొక్కుకున్న సొంత వ్యాపారం ఉండాలి, ఆ ఒక్కరు పోయినా అది నడవాలి. మూడూ నిజమైతేనే కాంట్రాక్టర్. మూడూ ఉన్నాయని చూపించాల్సింది ఇచ్చేవాళ్ళు, మీరు కాదు. పరుపులు చేరవేసే డ్రైవర్లు వేసిన కేసులో, హార్‌గ్రోవ్ వర్సెస్ స్లీపీస్ అంటారు, 2015లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు జీతాల చట్టాలకు కూడా ఇదే పరీక్ష అని తేల్చింది. కాంట్రాక్టర్ అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన సరిపోదు.

మన తమ్ముడికి నలుగురైదుగురు గిరాకీలు, సొంత బండి, ఎవరి పని ఒప్పుకోవాలో తన ఇష్టం. ఆయన కాంట్రాక్టర్ అనిపించుకోవచ్చు. అక్క మాత్రం మూడింటిలో ఒక్కటీ దాటదు. ఆమె మీద 1099 పెట్టడం వల్ల ఓనర్ కట్టాల్సిన 7.65 శాతం ఆమె నెత్తిన పడింది. అంతేనా? పని పోతే అన్‌ఎంప్లాయ్‌మెంట్, దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్, కాన్పుకు ఫ్యామిలీ లీవ్, 40 గంటలు దాటితే ఓవర్‌టైం, 2018 చట్టం కింద ప్రతి 30 గంటలకు ఒక గంట వచ్చే సిక్ లీవ్, అన్నీ చేజారినట్టే.

ఇట్లాంటప్పుడు రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసినందుకు పగబట్టి పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. పన్ను వైపు ఎస్ఎస్-8 అనే ఫారం వేసి "నేను ఉద్యోగినా కాదా" అని ఐఆర్ఎస్‌నే అడగొచ్చు. 8919 ఫారంతో మన వాటా 7.65 మాత్రమే కట్టొచ్చు. మాకు తెలుసు, ఇది చెప్పినంత తేలిక కాదు. ఓనర్ మన ఊరివాడు కావచ్చు, మొదట్లో ఇల్లు చూసిపెట్టింది ఆయనే కావచ్చు. మొహమాటం ఉంటుంది. అందుకే ముందు మెత్తగా అడగండి, రాతలో అడగండి. మీ గంటలు మీరు రోజూ రాసిపెట్టుకోండి. ఏం చేయాలన్నా అవే ఆధారం. అక్క ఏం చేసిందో ఇక్కడ చెప్పం, అది ఆమె ఇష్టం. అడగకుండా మాత్రం ఊరుకోలేదు.

ఇక, ఇప్పటికే దెబ్బ తగిలినవాళ్ళకు. ఈ గదిలో కూడా కొందరు ఉంటారు, చెప్పుకోరు. డబ్బు లేదని రిటర్న్ వేయకుండా ఉండటం అన్నిటికన్నా పెద్ద తప్పు. లెక్క చూడండి. 8,000 బాకీ ఉండి రిటర్న్ వేయకపోతే నెలకు 5 శాతం, ఐదు నెలల్లో 2,000 డాలర్ల పెనాల్టీ. అదే రిటర్న్ టైంకు వేసి డబ్బు కట్టలేకపోతే నెలకు అర శాతం, ఐదు నెలలకు 200. వడ్డీ రెండింటికీ ఉంటుంది. 2,000 ఎక్కడ, 200 ఎక్కడ! 4868 ఫారం వేస్తే అక్టోబర్ 15 వరకు గడువు వస్తుంది, కానీ అది కాగితానికి గడువు, డబ్బుకు కాదు.

బాకీని నెలనెలా కట్టుకునే ఏర్పాటు ఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. 50,000 డాలర్ల లోపు బాకీకి సాధారణంగా పెద్ద గొడవ లేకుండా దొరుకుతుంది. తమ్ముడు అదే చేశాడు. పౌరసత్వానికి వేసే ఫారంలో పన్ను బాకీలున్నాయా అని అడుగుతారు. ఒప్పందం చేసుకుని వాయిదాలు తప్పకుండా కడుతున్నవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోగలరు. దాక్కున్నవాళ్ళు చెప్పుకోలేరు.

భయం ఉన్నచోటే మోసం చేరుతుంది. "ఐఆర్ఎస్ నుంచి మాట్లాడుతున్నాం, గంటలో కట్టకపోతే అరెస్టు" అని ఫోనొస్తే పెట్టేయండి. 2016 అక్టోబర్‌లో థానే పోలీసులు మీరా రోడ్డులో కాల్ సెంటర్ల మీద దాడి చేసి పట్టుకున్నది ఈ బాపతునే. అక్కడ కూర్చుని ఇక్కడి జనాన్ని బెదిరించేవాళ్ళు. నిజమైన ఐఆర్ఎస్ మొదట ఉత్తరం రాస్తుంది, గిఫ్ట్ కార్డులు అడగదు. ఉత్తరం వస్తే మాత్రం చించకుండా, దాచకుండా తీసుకురండి. అట్లాగే డబ్బు తీసుకుని రిటర్న్ చేసేవాళ్ళు దాని మీద సంతకం పెట్టాలి, పీటిన్ నంబర్ రాయాలి. "రిఫండ్‌లో ఇంత శాతం ఇవ్వండి, ఎక్కువ తెప్పిస్తాం" అనేవాళ్ళ దగ్గరికి పోకండి. తప్పుడు ఖర్చులు రాసి వాళ్ళు తప్పుకుంటారు, కింద సంతకం మీది. ఆదాయం తక్కువైతే వీటా కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు, చిన్నపాటి షెడ్యూల్ సి కూడా తీసుకుంటారు.

చివరగా, ఈ రోజు ఇంటికెళ్ళి మూడు పనులు చేయండి. రెండో బ్యాంకు ఖాతా తెరవండి. బండిలో నోట్‌బుక్ పెట్టండి. ఫోన్‌లో ఆ నాలుగు తేదీలూ ఎక్కించండి, మొదటిది ఏప్రిల్ 15. ఆ ఒక్క రోజే రెండు పనులు. పోయినేటి లెక్క చెప్పాలి, ఈ ఏటి మొదటి విడత కట్టాలి. రెండూ ఒకే రోజు వచ్చేసరికి కొత్తవాళ్ళు తడబడతారు.

తమ్ముడి సంగతి అడుగుతారు కదా. వాయిదాలు ఇంకా కడుతున్నాడు. ఈ ఏడు విడతలు కూడా టైంకు కట్టాడు, జూన్‌ది కూడా. నాన్నకు ఫోన్ చేసి "ఇక నుంచి నెలకు కొంచెం తక్కువ పంపుతా, కానీ ఆపకుండా పంపుతా" అని చెప్పాడట. అంత దూరం నుంచి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. పంపాలని చెయ్యి లేస్తుంది, లెక్క ఆపుతుంది. మొదటి చెక్కు రోజే ఈ లెక్క తెలిసి ఉంటే ఆ కష్టం ఇంత ఉండేది కాదు.

శనివారాలు మా బల్ల ఉంటుంది. కాగితాలు ఏ స్థితిలో ఉన్నా, సంచిలో కుక్కి తెచ్చినా ఫరవాలేదు. సిగ్గుపడకండి, మేమూ అట్లాగే తెచ్చాం.